రాతి మీద చెప్పాల్సిన మాట

ఆనెకాకు మతిమరుపు ఎక్కువని హాస్టల్లో అందరికీ గట్టి నమ్మకం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. "అదేంటబ్బా... నోట్లోనే ఉంది" అంటూ వేళ్లు ఆడిస్తుంది. పక్కనున్నవాళ్లెవరో జాలిపడి ఆ మాట అందిస్తారు. "ఆఁ, అదే!" అని నవ్వేస్తుంది. ఒకే గదిలో ఉండే డిలేనీ అయితే ఆమెను "మతిమరుపు మహాతల్లీ" అనే పిలుస్తుంది.

నిజానికి ఆ పిల్ల దేన్నీ మరిచిపోదు. ఆమెకు నత్తి.

నత్తి అంటే హాస్యానికి వాడుకునే ఆ "ప-ప-ప" కాదు. పెదవులు కలుసుకుంటాయి, మళ్లీ విడిపోవు. గొంతులో గాలి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఎదుటివాళ్ల కళ్లలో ముందు ఆశ్చర్యం, తర్వాత జాలి, ఆ తర్వాత ఎటు చూడాలో తెలియని ఇబ్బంది. ఆ కళ్లంటే ఆమెకు చచ్చేంత భయం. నత్తిదని అనిపించుకోవడం కంటే మతిమరుపుదని అనిపించుకోవడం నయమని చిన్నప్పుడే తేల్చుకుంది. అప్పట్నుంచీ ప్రతి వాక్యాన్నీ నోరు విప్పకముందే ఒకసారి తడిమి చూసుకుంటుంది. ఏ మాట మొదట్లోనైనా 'ప' తగిలితే ఆ మాట తీసేసి ఇంకోటి పెడుతుంది. పెన్ను కావాలంటే "రాసేది ఏదైనా ఉందా" అంటుంది. పీచ్ పండంటే ప్రాణం, కానీ బేకరీలో పేస్ట్రీ కొనేటప్పుడు ఎప్పుడూ 'ఆపిల్‌ది' అనే అడుగుతుంది.

అంతెందుకు, పేరు కూడా అలాగే మార్చేసింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు పెట్రా ఆనెకా వాండర్‌మీర్. కాలేజీలో చేరిన రోజు హాస్టల్ గుమ్మంలో "నీ పేరేంటి?" అని అడిగితే, భయంతో మధ్య పేరు పట్టుకుని బయటపడింది. ఇంట్లో పెట్రా, ఇక్కడ ఆనెకా. రెండేళ్లు పక్క మంచం మీద పడుకున్న డిలేనీకి పెట్రా అనే మనిషి ఉందని తెలియదు.

ఇలా మాటలు మార్చుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చని ఆమె ధీమా. చదువు ఎంచుకునే రోజు దగ్గరపడేసరికి ఆ ధీమా కాస్తా సడలింది.

అమెరికాలో అయొవా రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజీలో రెండో ఏడు మార్చి నెలలో ప్రతి ఒక్కరూ తమ మేజర్, అంటే ముఖ్యంగా చదవబోయే విషయం, ఏమిటో తేల్చుకోవాలి. పెట్రా ముందు రెండున్నాయి. ఒకటి స్పీచ్ పాథాలజీ: మాట తడబడేవాళ్లకూ, మాట పడిపోయినవాళ్లకూ చేసే వైద్యం. రెండోది లింగ్విస్టిక్స్: భాషల్నీ ధ్వనుల్నీ విప్పి చూసే శాస్త్రం. రెండూ అక్కచెల్లెళ్లే, మొదటి రెండేళ్లూ సగం కోర్సులు కలిసే చదువుతారు. ఆపైన దారులు వేరు. మొదటిదాంట్లో మాస్టర్స్ అంటే ఇంటర్వ్యూలు, రోగులు, వాళ్ల తల్లులు, రోజంతా మాటలు. రెండోదాంట్లో డాక్టరేట్ అంటే హెడ్‌ఫోన్లు, రికార్డింగులు, తలుపేసిన గది.

ఏది కావాలో ఆమెకు తెలుసు. నిరుడు కాలేజీ క్లినిక్‌లో, ఇవతలి నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని ఒక ముసలాయనకు జరిగే వైద్యం చూసింది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మనవరాలి పేరు చెప్పబోయి చాలాసేపు ఆగిపోయాడు, కానీ తల దించుకోలేదు. ఎదురుగా కూర్చుని వైద్యం చేస్తున్న అమ్మాయి కూడా తొందరపెట్టలేదు. ఆ అమ్మాయి కుర్చీలో తానుండాలని పెట్రాకు అక్కడికక్కడే కన్నీళ్లొచ్చేంత కోరిక పుట్టింది. అదే క్షణాన ముచ్చెమటలు కూడా పట్టాయి.

అందుకే అడిగినవాళ్లందరికీ "లింగ్విస్టిక్స్" అని చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట నోట్లోంచి వెన్నముద్దలా జారిపోతుంది. స్పీచ్ పాథాలజీ అనాలంటే మొదటి మాటలోనూ చిక్కే, రెండో మాటలోనూ చిక్కే.

ఇక ఆ కాలేజీ ఆచారం సంగతి చెప్పాలి. మేజర్ పేరు కాగితం మీద రాసిచ్చేస్తే వాళ్లకు తృప్తి ఉండదు. పాత భవనం కాలిపోయినప్పుడు మిగిలిన మెట్టు రాయి ఒకటి పచ్చికలో ఉంది. మార్చిలో ఒక శుక్రవారం అందరి ముందూ దాని మీద నిలబడి, పూర్తి పేరు చెప్పి, ఏం చదవబోతున్నారో గట్టిగా చెప్పాలి. మైకు ఉండదు. చెప్పగానే ఆ శాఖ వాళ్లు ఆవుల మెడలో కట్టే గంట మోగించి తమలో కలుపుకుంటారు. మాటకు జంకేవాళ్లు ఎక్కడో ఒకరు ఉంటారని ఇన్నేళ్లలో ఒక్క పెద్దమనిషికీ తోచలేదు.

ఆ శుక్రవారానికి ఇంకా పది రోజులున్నాయనగా డాక్టర్ ట్రెస్లర్ క్లాసులో ఒక పని అప్పగించింది. ఆవిడ నత్తి వైద్యం చెప్పే ప్రొఫెసర్. ఏటా చేయించే పనే అది. ఇద్దరిద్దరు జతగా ఊళ్లోకి వెళ్లి, ఏదో ఒక కొట్లో కావాలని నత్తిగా మాట్లాడాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు చూడాలి. ఎదుటివాళ్లు ఎలా చూశారో, తమకెలా అనిపించిందో క్లాసులో చెప్పాలి.

వినగానే పెట్రా గుండె జారిపోయింది. నత్తి ఉన్న మనిషి, నత్తి లేనట్టు నటిస్తూ, ఇప్పుడు నత్తి ఉన్నట్టు నటించాలి. ఆ రాత్రి నిద్రపట్టక ఒక ఉపాయం ఆలోచించింది. తనకు బాగా పలికే 'ఆ' మీద దొంగనత్తి పెడితే సరి. ఆ-ఆ-ఆపిల్. ఎవరికీ అనుమానం రాదు.

బేకరీకి డిలేనీతో వెళ్లింది. డిలేనీ ముందు నడిచి, కౌంటర్ దగ్గర "ద-ద-ద-దాల్చినచెక్క రోల్" అని లాగి లాగి చెప్పి, రోల్ తీసుకుని తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"చచ్చాననుకో! ఆవిడ నావైపు చూసిన చూపుకి భూమిలోకి కుంగిపోయాను. నీ వంతు, పోవే."

కౌంటర్ వెనక మిసెస్ హూక్‌స్ట్రా అప్పుడే పొయ్యిలోంచి తీసిన పళ్లెం దించుతోంది. పీచ్ పేస్ట్రీలు. పెట్రాను చూడగానే నవ్వింది.

"ఆపిల్‌దేగా అమ్మా? ఎప్పటిలాగే?"

సంచి కూడా తెరిచేసింది. పెట్రా దాచుకున్న ఒక్క మాటా ఆవిడే అనేసింది. ఇంక నటించడానికి ఏముంది? "కాదండీ" అనేసింది పెట్రా, ఏం చెప్పాలో ఆలోచించుకోకుండానే. "ఇవాళ..."

పెదవులు కలుసుకున్నాయి. విడిపోలేదు. తల తనంతట తానే పక్కకు తిరిగింది. గొంతులో గాలి ఆగిపోయింది. మిసెస్ హూక్‌స్ట్రా మొహంలో నవ్వు మెల్లగా చెదిరిపోవడం కంటి కొసల్లోంచి కనిపిస్తూనే ఉంది. ముందు ఆశ్చర్యం. తర్వాత జాలి. పెట్రా వేలెత్తి చూపించి, సంచి అందుకుని, చిల్లర కూడా తీసుకోకుండా బయటపడింది.

బయట డిలేనీ చప్పట్లు కొడుతోంది.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది! నేనేదో కోడిపెట్టలా కొక్కొక్కో అన్నాను. నువ్వు... అమ్మ బాబోయ్, నాకే భయమేసింది. నిజంగా ఊపిరాడట్లేదేమో అనుకున్నా!"

"ఏదో... అలా కుదిరింది" అంది పెట్రా. ఆ పీచ్ పేస్ట్రీ తినలేకపోయింది.

అసలు కష్టం మర్నాడు క్లాసులో మొదలైంది. డిలేనీకి మంచిదేదైనా కనబడితే నలుగురికీ చూపిస్తే గానీ తోచదు. లేచి నిలబడి, "నాది వదిలేయండి, ఆనెకాది చూడాలి మీరు!" అని, పెట్రా చేసినట్టే చేసి చూపించింది. పెదవులు బిగించింది. తల ఎడమకు తిప్పింది. కళ్లు మూసింది. గడ్డం అదిరించింది. ఉన్నదున్నట్టు, ఒక్కటి వదలకుండా.

క్లాసంతా గొల్లుమంది. తన మొహం అలా అయిపోతుందని పెట్రాకు అంతవరకూ తెలియదు. అద్దం ముందు ఎప్పుడూ నత్తి రాలేదు మరి. బల్ల అంచు పట్టుకుని తనూ నవ్వింది. లేచి పారిపోవాలనిపించింది. డాక్టర్ ట్రెస్లర్ మాత్రం నవ్వలేదు. ఆవిడ డిలేనీని కాదు, పెట్రాను చూస్తోంది.

క్లాసు అయ్యాక, "సాయంత్రం నా గదికి రా. మేజర్ సంగతి మాట్లాడుకుందాం" అంది.

పెట్రా వెళ్లింది. వెళ్లకపోతే ఇంకా అనుమానం వస్తుందని వెళ్లింది.

"కూర్చో. ఏం చెప్పబోతున్నావ్ రాయి మీద?"

"లింగ్విస్టిక్స్."

"ఊఁ. ఆ తర్వాత?"

"మాస్టర్స్. ఆనక డాక్టరేట్. ధ్వనుల మీద. రికార్డింగులు విని, కొలిచి..."

"మనుషులు లేకుండా."

"ఉంటారు... టేపులో."

ట్రెస్లర్ నవ్వింది. పెట్రా కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. గబగబా అంది: "అది చదివి కూడా తర్వాత మీ మాస్టర్స్‌కి రావచ్చుగా డాక్టర్ ట్రెస్లర్? ఏడాది ఎక్కువ చదవాలి, అంతే అన్నారు ఆఫీసులో."

"రావచ్చు. అలా వచ్చి మంచి థెరపిస్టులైనవాళ్లున్నారు. లింగ్విస్టిక్స్ తక్కువ చదువేం కాదమ్మాయ్. నీకు అదే ఇష్టమైతే పీహెచ్‌డీకి నేనే సిఫారసు చేస్తా. నాకొక్కటే అనుమానం. ఎంచుకుంటోంది నువ్వా, నీ నోరా?"

పెట్రా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీకు... ఎలా..."

"డిలేనీ చేసి చూపించిందిగా. నత్తి నటించమంటే అందరూ అక్షరాన్ని తిప్పి తిప్పి అంటారు. గాలి ఆగిపోవడం, తల అటు తిరిగిపోవడం, అది నటించినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు. నీకు మతిమరుపని కూడా విన్నాను. నా పరీక్షలో ఒక్కటంటే ఒక్కటీ మర్చిపోలేదు నువ్వు."

"ఎవరికీ చెప్పకండి. దయచేసి చెప్పకండి."

"నేను చెప్పను. అది నాది కాదు చెప్పడానికి."

పెట్రా ఒళ్లో చేతులు ముడుచుకుని, చిన్నపిల్లలా అంది: "నాకు భయం. ఇంటర్వ్యూలో గొంతు ఆగిపోతే? ఎవరో తల్లి కొడుకుని తీసుకొచ్చి, నీకే మాట సరిగ్గా రాదు, మా వాడికేం నేర్పుతావ్ అంటే?"

"అంటారు" అంది ట్రెస్లర్. "ఒకరిద్దరైనా అంటారు."

అనరు, ఎవరూ అనరు అంటుందని పెట్రా ఆశపడింది. ఆ ఆశ కాస్తా పోయింది.

"భయపడకని నేను చెప్పలేను. అబద్ధం అవుతుంది. ఇంకోటి కూడా ముందే చెబుతున్నా. రాయి మీద నువ్వు ఆగిపోతే నేను మాట అందించను. ఎంతసేపైనా సరే."

"ఎందుకని?"

"రెండేళ్లుగా అందరూ అందిస్తూనే ఉన్నారుగా."

పెట్రా లేచి వచ్చేసింది. ఆ మర్నాడే లింగ్విస్టిక్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి, తాను వాళ్లలోకే వస్తున్నానని చెప్పేసింది. చెప్పేస్తే ఇక వెనక్కి తిరగడానికి ఉండదని. డిలేనీ ఆ సంగతి విని రెండు రోజులు మూతి ముడుచుకుంది. "కలిసి మాస్టర్స్ చేద్దామనుకున్నాం కదే" అని సణిగి, చివరికి తనే సర్దుకుంది.

శుక్రవారం వచ్చింది. పచ్చిక అంచుల్లో మురికి మంచు ఇంకా కరగలేదు. భోజనాల గదిలోంచి చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క రోల్స్ వాసన వస్తోంది. ఈ తంతు అయితే తిందామని అందరూ ఎదురుచూస్తున్నారు. ఇంటిపేర్ల వరసలో పిలుస్తారు. వాండర్‌మీర్ అంటే దాదాపు చివర. ఒక్కొక్కరూ రాయి ఎక్కడం, నాలుగు మాటలు గలగలా అనేయడం, గంట మోగడం. డిలేనీ ఎప్పుడో చెప్పేసి స్పీచ్ పాథాలజీ వాళ్లలో కలిసిపోయింది. వాళ్ల గంట ఆమె చేతికే వచ్చింది.

పెట్రా వంతు వచ్చింది. రాయి ఎక్కింది. ఒక పక్క లింగ్విస్టిక్స్ సీనియర్లు నలుగురు గంట ఎత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఇంకో పక్క డిలేనీ. ఆమె వెనకాల చేతులు కట్టుకుని ట్రెస్లర్.

చెప్పాల్సింది ఎంత? నేను, ఆనెకా వాండర్‌మీర్, లింగ్విస్టిక్స్ చదువుతాను. అన్నీ జారిపోయే మాటలే. వెయ్యిసార్లు మనసులో అనుకుంది.

"నేను..." అంది.

తర్వాతి మాట నాలుక మీదికి వచ్చింది కూడా. వస్తూనే, రెండేళ్లుగా ఇష్టం లేకుండా తిన్న ఆపిల్ రుచి నోట్లో తగిలినట్టయింది. ఇంక జీవితమంతా ఇదేనా అనిపించింది. అలా అనిపించి ఒళ్లంతా చల్లబడింది. రాయి మీద నిలబడటం కంటే అది భయంకరంగా ఉంది.

పెదవులు కలుసుకున్నాయి. పెట్రా అనడానికి.

విడిపోలేదు.

పచ్చికంతా నిశ్శబ్దమైంది. తల ఎడమకు తిరిగింది. గాలి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో డిలేనీ గొంతు ఖంగున మోగింది.

"పేరు కూడా మర్చిపోయావటే, మహాతల్లీ!"

అందరూ గొల్లున నవ్వారు. ప్రేమగా అన్న మాటే. పెట్రా చెవుల్లో మాత్రం చిన్నప్పటి బడి హోరెత్తింది. నవ్వులు తగ్గాయి. పెదవులు అలాగే ఉన్నాయి. మళ్లీ ప్రయత్నించింది. గడ్డం అదిరింది. అప్పుడు డిలేనీ మొహం వెలిగిపోయింది.

"ఓహో! ఇది మా క్లాసులోదండీ! నత్తి నటించడం! ఈ పని మా అందరికంటే ఈమే బాగా చేస్తుంది. చూడండి, ఎంత బాగా చేస్తోందో!"

చప్పట్లు మొదలయ్యాయి. ముందు స్పీచ్ వాళ్లు, తర్వాత అందరూ. డీన్ కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు.

తప్పించుకునే తలుపు బార్లా తెరుచుకుంది. ఒక్కసారి నాటకంలోలా వంగి, నవ్వేసి, లింగ్విస్టిక్స్ అనేస్తే చాలు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పెట్రా ట్రెస్లర్ వైపు చూసింది. ఆవిడ చప్పట్లు కొట్టడం లేదు. తల కూడా ఊపడం లేదు. నిలబడి ఉంది, అంతే.

"నటన కాదు" అంది పెట్రా.

చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచి మళ్లీ అంది.

"నటన కాదు డిలేనీ. నాకు నత్తి. ఎప్పట్నుంచో."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డిలేనీ నోరు తెరుచుకుంది. ముందు ఆశ్చర్యం. తర్వాత ఆ చెంపలు మెల్లగా ఎర్రబడ్డాయి. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి, ఇన్నేళ్లూ ఏ కళ్లకు భయపడిందో అవే కళ్లు. పెట్రా కాళ్లు గడగడా వణికాయి. వాటిని ఆపే ప్రయత్నం చేయలేదు. చేసినా ఆగేవి కావు.

"నేను... ప్... ప్..."

లింగ్విస్టిక్స్ వాళ్లలో ఒకరు పాపం మాట అందించబోయారు. ట్రెస్లర్ చేయెత్తి ఆపింది.

"...పెట్రా ఆనెకా వాండర్‌మీర్. నేను చదవబోయేది స్స్స్..."

చాలాసేపు పట్టింది. ఎవరో చలికి కాళ్లు మార్చుకున్నారు. డిలేనీ చేతిలో గంట గాలికి కదలబోయింది. మాట మధ్యలో మోగిపోతుందని డిలేనీ గబుక్కున రెండో చేత్తో దాని లోపలి కడ్డీని గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, అలాగే నిలబడింది.

"...స్పీచ్... ప్... ప్పాథాలజీ."

డిలేనీ కడ్డీ వదిలింది. గంట మోగింది.

రాయి దిగి ఎలా నడిచిందో పెట్రాకు తెలియదు. డిలేనీ ఎదురొచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది. వెక్కుతోంది. "క్లాసులో నిన్ను చేసి చూపించానే. అందర్నీ నవ్వించానే. చెప్పొచ్చుగా మొద్దూ, చెప్పొచ్చుగా నాకు."

పెట్రా ఆమె భుజం మీద తల ఆనించింది. ఇంటర్వ్యూలున్నాయి, ఫోన్లున్నాయి, ఎక్కడో ఒక తల్లి ఉంది ఆ మాట అనడానికి. భయం రవ్వంత కూడా తగ్గలేదు.

డిలేనీ వెనక్కి జరిగి, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, ఆమె మొహంలోకి చూసింది.

"సరిగ్గా వినలేదే నేను. ఏడుస్తున్నా. మళ్లీ చెప్పు. ఇంతకీ నీ పేరేంటి?"

మళ్లీ అదే మాట. పెట్రా పెదవులు కలుసుకున్నాయి. గాలి ఆగిపోయింది. డిలేనీ ఈసారి ఏమీ అందించలేదు.